మొదటి గీతలో శ్రీ

శ్రీ

ఆదోని, 12 జూన్ 1957, బుధవారం. మబ్బు పట్టింది, గాలి లేదు. ఉదయం నీళ్ళ బాన కడిగి నింపాను.

పరిశోధనకు చేర్చుకునే ముందు, లెక్కల యంత్రానికి ఒక ప్రోగ్రాం రాసి పంపమన్నారు కలకత్తా ఆచార్యులు. ఒక్కటే అవకాశమన్నారు. ఆ యంత్రాన్ని నేను చూసింది లేదు. పుస్తకం చదివి రాసి, సోమవారం పోస్టు చేశాను.

ఈ సాయంత్రం నకలు తీసి, పక్కింటి బసప్పను యంత్రంగా కూర్చోబెట్టాను. నేను ఆదేశం చదువుతుంటే అతను పలక మీద కూడాడు. గంట గడిచినా లెక్క తెగలేదు.

"ఏమప్పా, ఏడో గీతకు పొమ్మంటావు, ఆడికి పోతే మళ్ళా సున్న పెట్టమంటాండావు. సచ్చేదాకా కూడల్లా నేను?" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఆచార్యులు పంపిన అచ్చు కాగితంలో గీతలకు అంకెలు ముందే ఉన్నాయి. పద్దు పుస్తకంలో లాగే మొదటి గీతలో శ్రీ రాశాను. ఆదేశాలన్నీ ఒక్కో గీత కిందికి జరిగాయి. ఆరో గీతలో ఉండవలసిన సున్న పెట్టే ఆదేశం ఏడో గీతలో పడింది. ఏడో గీతకు పొమ్మన్న ప్రతిసారీ లెక్క మళ్ళీ సున్నకే వస్తోంది.

ఉత్తరం ఈపాటికి మద్రాసు దాటి ఉంటుంది.

తప్పు దిద్ది రాద్దామని ఇప్పుడే కొత్త కాగితం తీశాను. మొదటి గీతలో అప్పుడే శ్రీ ఉంది. నా చెయ్యి దాన్ని ఎప్పుడు రాసిందో నాకే తెలియదు.