అట్టలు విప్పిన మగ్గం

17 జనవరి 1988, ఆదివారం

అనంతపురం కాలేజీలో ఫిజిక్స్ చెప్పే శ్రీరంగప్ప సారు ఈరోజు ధర్మవరం వచ్చి, మా చేనేత సొసైటీ కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ ఎక్కించి పోయాడు. చీర అంచు బొమ్మను తెర మీద గళ్ళలో నింపితే ప్రింటర్ గ్రాఫు కాగితం తీసిస్తుంది. దాన్ని చూసి అట్టలకు రంధ్రాలు కొట్టించి, మగ్గం మీద బొమ్మ తేల్చే జాకార్డు పెట్టెకు కట్టుకోవడమే. చేత్తో గీయిస్తే నెల పట్టేది. ఈయనా, ఉరవకొండలో ఇంకో లెక్కల సారూ కలిసి తీరిక వేళల్లో రాశారట. దుడ్లు వద్దన్నాడు. ఎవరడిగినా ఫ్లాపీలో కాపీ చేసి ఇమ్మన్నాడు. ప్రోగ్రామంతా అచ్చేసిన లిస్టింగ్ కట్ట కూడా ఇచ్చాడు, కావాల్సినట్టు మేమే మార్చుకోవచ్చట.

ఊరికే ఎవడు చేస్తాడప్పా, ఏదో ఉంటుంది దీని వెనక అనుకున్నాను. ఆయన బస్సెక్కేలోపే జరీ గళ్ళకు వేరే గుర్తు కావాలని చెప్పేశాను. సెక్రటరీ అన్నాక అడగాలి కదా. కాఫీ ఇప్పించడం మరిచిపోయాను.

4 ఫిబ్రవరి

జరీ గుర్తు చేర్చిన ఫ్లాపీ పోస్టులో వచ్చింది. బొమ్మను తిరగేసే వీలు కూడా కావాలని కార్డు రాశాను.

23 ఫిబ్రవరి

అదీ వచ్చింది. వెంటనే ఇంకో కార్డు. చనువిస్తే చంకెక్కినట్టుంది నీ పని అంది మా ఇంటిది. ఆడవాళ్ళకు ఆఫీసు సంగతులు ఏం తెలుస్తాయి.

13 మార్చి, ఆదివారం

మంచి ఆర్డరు. షావుకారు లింగప్ప పెళ్ళి చీరలకు ఒకవైపు మామిడి పిందె, రెండోవైపు గోపురం కావాలంటున్నాడు. మా ప్రోగ్రామ్ రెండంచులూ ఒకేలా తీస్తుంది. ఎవరి పెళ్ళికో వచ్చిన శ్రీరంగప్ప సారు బస్టాండులో దొరికాడు. అడిగాను. పరీక్ష పేపర్లు కుప్పగా ఉన్నాయి, చూద్దాంలే అన్నాడు.

నేరుగా ఓబుళేసు ఇంటికి పోయాను. మా సొసైటీలో అతని చేతికి మించిన చెయ్యి లేదు. ఉగాది దాటితే అట్టలు వచ్చేస్తాయి, సారు ఒప్పుకున్నాడు అని చెప్పాను. లింగప్ప ఇచ్చిన పట్టు పడుగు మగ్గానికి ఎక్కించాడు. పాత అట్టలు విప్పించి వేరే మగ్గానికి ఇచ్చేశాను.

7 ఏప్రిల్

సారు నుంచి ఏమీ రాలేదు. ఓబుళేసు మగ్గం ఆగే ఉంది.

21 ఏప్రిల్

ఓబుళేసు మళ్ళీ వచ్చి అడిగాడు. ఆ సారు మాట తప్పాడని చెప్పాను. నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో. ఇంట్లో గింజలు అయిపోయాయట. మొగుడూ పెళ్ళాం రేపటి నుంచి పామిడి రోడ్డు మీద కరువు పనికి పోతున్నారు. కంకర కొట్టే పని.

కోపం ఆపుకోలేక కాలేజీ అడ్రసుకు కార్డు రాశాను. చేతకానప్పుడు ఒప్పుకోవడం ఎందుకు, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది, నీ వల్ల ఒక సంసారం వీధిన పడింది అని. పోస్టు చేశాక కడుపు చల్లబడింది.

8 మే, ఆదివారం

నిలదీద్దామని అనంతపురం పోయాను. సారు భార్య సుబ్బలక్ష్మమ్మ తలుపు తీసి, "మీరేనా కార్డులాయన?" అంది. నా కార్డు స్టాఫ్ రూమంతా తిరిగి, అందరూ చదివాక ఆయన చేతికి వచ్చిందట.

ఆయన కోప్పడలేదు. తిట్టినా బాగుండేది. పిల్లోళ్ళు ఇళ్ళకు పోయాక, కరెంటు ఉంటేనే కాలేజీ కంప్యూటర్ ఈయనకు దొరుకుతుందట. పని సగం అయిందన్నాడు. తర్వాత మెల్లగా, "నేను చూద్దాం అంటిని. చేస్తా అన్లేదన్నా. మగ్గం ఆపుతాండావని ఒక్క మాట చెప్పింటే, అప్పుడే కాదనింటా కదా" అన్నాడు.

లిస్టింగ్‌లో అంచు భాగం ఎక్కడుందో చూశావా అని అడిగాడు. భద్రంగా ఉంది సార్ అన్నాను. బీరువాలో జరీ డబ్బాల కింద పరిచి ఉంది అది. సుబ్బలక్ష్మమ్మ కాఫీ తెచ్చింది. సిగ్గులేకుండా తాగాను.

24 మే

ఫ్లాపీ వచ్చింది. ఒకవైపు పిందె, ఒకవైపు గోపురం. చక్కగా పడ్డాయి.

1 జూన్

కొత్త అట్టలు కట్టించాం. ఓబుళేసు మగ్గం గుంటలోకి దిగి పడుగు మీద చెయ్యి వేశాడు. తీయబోతే పోగులు అరచేతికి పట్టుకుని లేచి వచ్చాయి. రెండు తెగాయి. అతని భార్య తిప్పమ్మ అతికింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ తెగాయి. కంకర కొట్టి కొట్టి చేతులు పగిలి బండబారాయి.

"పట్టు ఈ చేతుల్ని ఒప్పదన్నా" అన్నాడు. తర్వాత శ్రీరంగప్ప సారును తిట్టడం మొదలుపెట్టాడు. సకాలంలో ఇచ్చింటే నాకీ గతి పట్టునా, సదువుకున్నోళ్ళకు మా కడుపులు కనపడవు అని.

నేను అవునన్నట్టు తల ఊపాను. తల ఊపాను నేను.

12 జూన్, ఆదివారం

లింగప్ప పడుగు విప్పించి వేరే ఇంటికి తీసుకుపోయాడు. తిప్పమ్మ రోజూ ఓబుళేసు చేతులకు ఆముదం రాస్తోంది. ఎప్పటికి మెత్తబడతాయో, అసలు మెత్తబడతాయో లేదో.

నిన్న సారు నుంచి కార్డు వచ్చింది. ఓబుళేసు మగ్గం నడుస్తోందా అని ఒకే మాట. నేనింతవరకు ఆయనకు రాసిన ఒక్క కార్డులోనూ బాగున్నారా అని లేదు.

సాయంత్రం ఓబుళేసు ఇంటికి పోయి చెప్పేశాను. సారు ఎప్పుడూ మాటివ్వలేదు, అబద్ధమాడింది నేనే అని. కొడతాడనుకున్నాను. చేతుల్ని చూసుకుంటూ కూర్చున్నాడు. తిప్పమ్మే మాట్లాడింది. "చెప్పినావు కదా, ఇంక పోయిరాప్పా" అంది.

4 జూలై

పామిడి సొసైటీ నుంచి కార్డు. మేమిచ్చిన ప్రోగ్రామ్ బాగుందట, కొంగుకు నెమలి కూడా వచ్చేట్టు చేస్తారా, మగ్గం సిద్ధం చేసుకోమంటారా అని. జరీ డబ్బాలు దించి లిస్టింగ్ తీశాను. చూద్దాం అని రాసి, కొట్టేశాను.

మగ్గం ఆపొద్దు అని రాశాను.