సాయంత్రానికి లేని వంతెన

మామయ్యకు నమస్కారాలు.

ఈ నెల సెలవు దొరకలేదు. సైన్యం, నేవీ, వైమానిక దళం కలిసి విన్యాసాలు చేస్తున్నాం. నేవీవాళ్లు పడవల్లో సామాను దించారు. మా ఇంజనీర్ల దళం ఆరుగంటల్లో నది మీద వంతెన వేసింది. ట్యాంకులన్నీ దాటాయి. మీ అమ్మాయితో నా పెళ్లి తేదీ త్వరగా తేల్చండి. ఇక్కడ కాలు నిలవడం లేదు.

మీ కాబోయే అల్లుడు

తా.క.: వంతెన ఫొటో పంపలేను. సాయంత్రానికే అది లేదు.

*

అబ్బాయికి ఆశీస్సులు.

నలభై ఏళ్లుగా మేస్త్రీ పని చేస్తున్నాను. నేను కట్టిన కోళ్లగూడు కూడా ఇంకా నిలబడే ఉంది. పొద్దున వేసింది సాయంత్రానికి లేదంటే ఏమనుకోవాలి? పునాది లోతు చాలలేదా? నా దగ్గర దాపరికం వద్దు. అది తేలేదాకా పెళ్లి మాట ఆగుతుంది.

ప్రస్తుతానికి మేనమామ మాత్రమే

తా.క.: ఎవరైనా కొట్టుకుపోయారా? రోజూ రెండుసార్లు పోస్టాఫీసుకి వెళ్లొస్తున్నాను.

*

మామయ్యకు నమస్కారాలు.

అది కూలలేదు, మేమే బోల్టులు విప్పేశాం. ఉంచితే శత్రువు కూడా దాటొస్తాడు. విమానాలు దిగాలంటే రన్‌వే మీద గుంతలు పూడ్చేదీ మేమే. దయచేసి తేదీ ఆపకండి.

మీ కాబోయే అల్లుడు

తా.క.: ఆ గుంతలు తవ్విందీ మేమే, అభ్యాసం కోసం.

*

అబ్బాయికి ఆశీస్సులు.

తవ్వుకుని పూడ్చుకోవడం కూడా ఒక ఉద్యోగమే అన్నమాట. సరే, ఒక్కటే అడుగుతాను. సెంట్రింగు చెక్కలు ఊడదీసే రోజు నేను శ్లాబు కిందే నిలబడతాను. నీ వంతెన కింద నువ్వు నిలబడ్డావా?

మేనమామ

తా.క.: పిల్ల నాతో మాట్లాడటం మానేసింది. కూరలో ఉప్పు వేయడం కూడా.

*

మామయ్యకు నమస్కారాలు.

నిలబడలేదు, కింద నీళ్లు. మొదటి ట్యాంకు దాటేదాకా ఆ కిందే పడవలో కూర్చున్నాను.

మీకేమవుతానో మీరే చెప్పాలి

తా.క.: భయమేసింది.

*

అల్లుడికి ఆశీస్సులు.

మన ఊరి ఏటికి వరదొచ్చి నేను కట్టిన వంతెన కొట్టుకుపోయింది. ఆసుపత్రేమో అవతలి ఒడ్డున. హెలికాప్టర్లు మందులు దించాయి, నేవీవాళ్లు పడవలు తెచ్చారు, మీ దళంవాళ్లు వంతెన వేశారు. మొదటి అంబులెన్సు దాటుతుంటే కింద పడవలో నేనే కూర్చున్నాను. వంతెన కదల్లేదు, నేనే వణికాను. నిన్ను అన్నందుకు సిగ్గేసింది.

నెలాఖరుకి విప్పుకుపోతారని విని ప్రాణం ఒప్పలేదు. వాళ్లు భోజనానికి వెళ్లినప్పుడు బోల్టులన్నిటికీ సిమెంటు పట్టించేశాను. మీ అధికారి తల పట్టుకున్నాడు. మామ పట్టించింది అల్లుడే వదిలించాలని నిన్ను శుక్రవారం పంపిస్తున్నాడట. పెళ్లి శనివారం. సుత్తి తెచ్చుకో.

నీ మామగారు

తా.క.: ఉపాయం నాది కాదు. సిమెంటు కలిపింది పిల్లే.