మూడు కంప్యూటర్లు అడిగిన రాజీనామా

పిచ్చుకకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ పెన్‌డ్రైవు అందింది. అక్షరాలను వేలితో తడిమి చదివే చుక్కలుగా మార్చే ప్రోగ్రాము, అదే నీ ‘లైబ్రరీ’ని, మా అంధుల బడిలోని మూడు కంప్యూటర్లలోనూ ఎక్కించాను. మూడూ మూడు రకాలు. తోడికోడళ్లనుకో, ఒకదానికొకటి పొసగదు. ఈ విషయంలో మాత్రం ఏకమై, ‘ఇది వేరే కంప్యూటరులో తయారైంది’ అని మొండికేశాయి.

ఇరవయ్యో తేదీన పరీక్ష. పోయినసారి ప్రశ్నలూ జవాబులూ నేనే చదివి వినిపించాను. సరైన జవాబు దగ్గర నా గొంతు మారుతుందట. పదకొండు మందికీ నూటికి నూరు! ఈసారి వాళ్ల వేళ్లతో వాళ్లే చదువుకోవాలి. నేను పట్టు వదలను.

పెద్దమ్మ

తా.క. ఫోను చెయ్యను. ఫోనులో నువ్వనే ‘ఊఁ’ ఒక్కదానితో ఏ యంత్రమూ నడవదు.

*

పెద్దమ్మకు నమస్కారాలు.

తప్పు చిన్నదే. నేను వాడే బిల్డు టూలు దర్జీలాంటిది. నేను రాసిన వివరాల ఫైలు చదివి, ఏ కంప్యూటరుకు ఆ కంప్యూటరు కొలతలు తీసి పని చీటీ రాసిస్తుంది. నా కంప్యూటరు చీటీ ‘బిల్డు’ ఫోల్డరులో ఉండిపోయింది. నా కొలతలతో కుట్టింది నీకు పట్టదు కదా. దాన్ని చెరిపేసి, ఖాళీ ఫోల్డరులో టూలును మళ్లీ నడుపు.

పిచ్చుక

తా.క. ‘బిల్డు’ ఒక్కటే చెరుపు. మిగతావి ముట్టుకోకు.

*

పిచ్చుకకి ఆశీస్సులు.

చెరిపాను. నడిపాను. తోడికోడళ్లు ఇప్పుడు ‘రాజీనామా-9 అనే ఫోల్డరు కనబడలేదు’ అని ఒకే పాట. ముప్పై ఏళ్లలో నేను ఒక్కటీ రాయలేదు, తొమ్మిదెక్కడ తేను? అయినా పిల్లల పని ఆగకూడదు. ఆ పేరుతో ఫోల్డరు చేసి, నా రాజీనామా టైపు చేసి అందులో పెట్టాను. ఇప్పుడేమో ‘అందులో చుక్కల పట్టిక లేదు’ అంటున్నాయి. మనిషి ఉద్యోగం వదులుకున్నా దిగిరాలేదంటే ఎంత పొగరే వీటికి!

పెద్దమ్మ

తా.క. ఆ మూడు కంప్యూటర్లలో ఒకటి హెడ్‌మిస్ట్రెస్‌ది. రాజీనామా చదివి, కళ్లు తుడుచుకుంటూ తిరుగుతోంది.

*

పెద్దమ్మకు నమస్కారాలు.

తప్పు నాదే. చిన్నది కాదు. ఏ అక్షరానికి ఏ చుక్కలో చెప్పే పట్టికను నా రాజీనామాలు దాచుకునే ఫోల్డరులో పెట్టి, వివరాల ఫైలులో ఆ చిరునామాయే రాశాను. అది నా కంప్యూటరులో తప్ప ఇంకెక్కడా ఉండదు. ఇప్పుడు పట్టికను లైబ్రరీలోనే చేర్చాను. మూడు రకాల కంప్యూటర్లు ఆఫీసులో అడిగి తీసుకుని, మూడింటి మీదా నడిపి చూసి, కొత్త పెన్‌డ్రైవులో పంపుతున్నాను. నోరు తెరిచి అడిగాను, పెద్దమ్మా.

నీ రాజీనామా చింపెయ్. తొమ్మిదిసార్లు రాసింది నేను. ‘ఈ చుక్కలు ఎవరికి కావాలి’ అంటారు మా ఆఫీసులో. ఇవ్వడానికే చెయ్యి రాలేదు.

పిచ్చుక

తా.క. అమ్మకు చెప్పకు.

*

పిచ్చుకకి ఆశీస్సులు.

నీ లైబ్రరీ మూడింట్లోనూ కుదురుకుంది. ఇరవయ్యో తేదీన గదిలో కాగితం మీద వేళ్లు కదిలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నేను మూల కుర్చీలో నోరు మూసుకుని కూర్చున్నాను. నలుగురు తప్పారు. ఎవరి సాయమూ లేకుండా, వాళ్లంతట వాళ్లే తప్పారు! ఎంత గర్వంగా ఉన్నారో చూడాలి.

నా రాజీనామా చింపలేదు. మళ్లీ చదివితే సబబుగానే ఉంది. నా మోకాళ్లూ అదే మాట. హెడ్‌మిస్ట్రెస్ ఒప్పుకుంది. నా చోట చుక్కల పని తెలిసిన మనిషి కావాలంది. నీ పేరు చెప్పాను. ఇంటర్వ్యూ ఉత్తరాల్లోనే.

పెద్దమ్మ

తా.క. అమ్మకు చెప్పేశాను. పదోది రాయకు. తొమ్మిదోదే ఇచ్చెయ్.