మెంబర్లు రాని గోల్ఫ్ క్లబ్బు

మణెమ్మ నాయినా,

నేను చెప్తుంటే మన మనవరాలు రాస్తోంది. నువ్వు పోయి నేటికి ఏడాది. గోల్ఫ్ క్లబ్బుకు నువ్వు కౌలుకిచ్చిన చేనులోనే నీ సమాధి ఉంది కదా, అక్కడ పెట్టాలని కల్లు, కోడికూర పట్టుకుపోయాను. గేటు దగ్గర మేనేజరు ఆపాడు.

"మెంబర్లు కానివాళ్లు లోపలికి రాకూడదు, మామ్మగారూ."

"ఏ మెంబరు బిడ్డా? శామీర్‌పేట దాటి గింత దూరం బంతి కొట్టనీకి ఎవడొస్తడు? గండిమైసమ్మ కాడి చాయ్ హోటలు దినాం వచ్చేటోళ్లతోని నడుస్తది. నీ కాడికి ఆదివారం సుత ఎవ్వలు రారు. ఉత్త గడ్డికి నీళ్లు తాపుతున్నవ్."

అతను నసుగుతూ, కౌలు ఇంకో అయిదేళ్లు పొడిగించే కాగితం తీశాడు. వేలిముద్ర వేస్తే లోపలికి పోనిస్తాడట. నేను వేయలేదు. కల్లు, కూర గేటు ముందే పెట్టి వచ్చాను.

కౌలు తీరగానే చేనులో మక్కజొన్న వేస్తాను. అప్పటిదాకా నీకు రోడ్డు మీదే పెడతాను. నేను వద్దన్నా చేను వాళ్లకిచ్చింది నువ్వే.