వాకిట్లో విప్పిన బూట్లు

క్వేకర్స్ హిల్,
ఆదివారం

అక్కా,

ముందు మంచి మాట. నీ కూతురు బిందుమాధవి క్షేమం, పాదం వాపు కూడా తగ్గింది. కనుక ఇప్పుడు నిశ్చింతగా నీతో పోట్లాడతాను.

నిన్న మా ఇంట్లో భోజనాలయ్యాక, వాకిట్లో విప్పిన బూటులో పిల్ల కాలు పెట్టింది. లోపల అరచేయంత సాలీడు. కరిచింది. వచ్చినవాళ్లంతా "టరాంటులా!" అని గోల. ఇంజినీరు అచ్యుత్ గారైతే, "తేలుమంత్రం తెలిసినాయన గుంటూరులో ఉన్నాడమ్మా, వీడియో కాల్ చేద్దాం" అని ఫోను తీశాడు. చదువు జీతమే ఇస్తుందా, బుద్ధి ఇవ్వదా? నాకు ఒళ్లు మండిపోయింది.

బిందు మాత్రం, "చంపకు పిన్నీ, డాక్టర్స్ నీడ్ టు సీ ఇట్" అంటూ నీ ఆవకాయ సీసా ఖాళీ చేయించి, దాన్ని అందులో పట్టించింది.

ఆసుపత్రిలో నర్సు సీసా చూసి నవ్వింది. టరాంటులా కాదట, హంట్స్‌మన్ అట. ఆ జాతి సాలీడు కరిచినా ప్రాణభయం లేదట, ఐస్ పెడితే చాలట. ఆ మాట వినేదాకా నా ప్రాణం నాలో లేదు. అదే ఫనెల్ వెబ్ సాలీడైతే, మంత్రం కోసం ఆగిన ప్రతి నిమిషమూ ప్రాణాంతకమే.

దీనికి పిల్లని ఇక్కడి యూనివర్సిటీ చదువు మాన్పించి తీసుకుపోతానని ఫోన్లో ఏడుస్తావా? మీరుండే పాయింట్ కుక్‌లో సాలీళ్లు లేవా? బూట్లు లోపల పెట్టుకోవాలి, దులిపి తొడుక్కోవాలి. అంతేగానీ చదువు మానేస్తారా ఎవరైనా?

సాలీడుని బిందే పెరట్లో వదిలేసింది. ఆ సీసా మాత్రం నేనిక ముట్టను. నువ్వు కొత్త ఆవకాయ పంపు. పిల్లని మాత్రం నేను పంపను.

నీ చెల్లెలు