ఎడమచెవిలో కత్తెర

అక్కా,

బావ కొనాలనుకుంటున్న హెడ్‌ఫోన్స్ ఎలా ఉన్నాయని అడిగావు. పత్రికలో వాటి మంచిచెడ్డలు రాసేవాణ్ణే అయినా నీకు జవాబు రాయలేకపోయాను. భయం వేసిందక్కా.

ఏ హెడ్‌ఫోన్స్ వచ్చినా నేను ముందు వినేది, చిన్నప్పుడు నాన్న రికార్డు చేసిన నీ పాటే. నువ్వు పాడుతుంటే వెనకాల అమ్మ బట్ట కత్తిరిస్తున్న చప్పుడు రెండు చెవుల్లోనూ సన్నగా వినపడాలి. ఈసారి ఎడమచెవిలో కత్తెర లేదు. నాన్నకి వినికిడి పోవడం మొదలైంది ఎడమచెవితోనే కదా! అంత ఖరీదైన వస్తువును తప్పుపట్టడానికి మనసొప్పక నా చెవినే అనుమానించాను. వేరేవి పెట్టుకుని చూసే ధైర్యం కూడా చాలలేదు.

నిన్న నీ మరదలు సరదాగా వాటిని తగిలించుకుని, "ఇదేంటండీ, ఒకపక్క అత్తయ్య కత్తెర వినిపించట్లేదు?" అంది. గబుక్కున లాక్కుని, తిరగేసి పెట్టుకున్నాను. నా ఎడమచెవిలో అమ్మ కత్తెర కరకరలాడింది!

బావని కొనొద్దను. అంత డబ్బు పోసి ఒక చెవికే వినిపించేది ఎందుకు? పనికిమాలిన వస్తువు చూసి ఇంత సంబరపడడం నాకిదే మొదలు.

అన్నట్టు, రెండో చరణంలో నువ్వు శ్రుతి తప్పావు. ఎడమచెవితోనే పట్టుకున్నాను.

నీ తమ్ముడు