వదిన దగ్గర పాప ఉన్న మూడు నెలలు

కొత్తగూడెం,
గురువారం.

కళావతి వదినకు,

ఫోన్ చేస్తే ఏడుస్తానేమోనని ఉత్తరం రాస్తున్నాను. ఈ రోజు నా మొదటి వ్యాయామం బ్యాచ్ మొదలైంది వదినా. పదకొండు మంది వచ్చారు, అందరూ గని కార్మికుల ఇళ్ల ఆడవాళ్లే. కెటిల్‌బెల్ అంటే ఏమిటని అడిగితే పిడి ఉన్న ఇనుప గుండును ఎత్తి చూపించాను. నన్ను "మేడమ్" అన్నారు!

పోయినేడు హైదరాబాద్‌లో కోచ్ పరీక్షలో ఆ గుండును ఐదు నిమిషాల్లో వందసార్లు తలపైకి లేపాలి. ఎనభై మూడు దగ్గర దించేశాను. ఇంటికొస్తే మీ తమ్ముడు, "ఇగ చాలు, ఏదన్న దుకాణంల పనికి పో" అన్నాడు. నువ్వొక్కదానివే, "పదిహేడే గదా తక్కువైంది? పిల్లను నాకిచ్చి నేర్చుకో పో" అన్నావు. మూడు నెలలు పాపను చండ్రుగొండలో ఉంచుకుని, మిర్చి ఏరడానికి కూడా చంకనేసుకుని పోయావు. అందుకే రెండోసారి పాసయ్యాను.

ఈ రోజు క్లాసులో ఒకామె గోడ పట్టుకుని లేచింది. "నడుము నొప్పి ఎన్నాళ్ల నుంచి?" అని వెంటనే అడిగాను. అప్పట్లో పాపను చూడడానికి వచ్చినప్పుడు నువ్వూ అలాగే లేచావు. నేను చూశాను వదినా. అడిగితే పాపను తీసుకెళ్లాల్సి వస్తుందని అడగలేదు.

ఆదివారం వస్తున్నాను. ఇద్దరం దవాఖానాకు పోదాం. మంచిగనే ఉన్నానని మాత్రం చెప్పకు.

నీ మరదలు